తెగేదాకా లాగరాదు

తెగేదాకా లాగరాదన్న మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. మా నాయనమ్మ అనేది. బడిలో తెలుగు మేష్టారు అనేవారు. ఆఫీసులో మా పాత హెడ్ క్లర్కు గారైతే రోజుకొక్కసారైనా అననిదే ఇంటికి వెళ్లేవారు కారు. విన్నాను గాని, వంటబట్టించుకోలేదు. నలభై దాటాక ఒకనాడు మా పాత కారు ముందు దీపం వెనక మూడు వైర్లు గుప్పెట పట్టుకుని లాగాను చూడండి, అప్పుడు తెలిసివచ్చింది. ఆ సంగతి చెప్పుకుందామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఇందులో నా తెలివి కొంచెం, తెలివితక్కువ బోలెడు. అయినా మన వాళ్లలో పాత బండి ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు గనుక, ఒకరి పొరపాటు పదిమందికి పనికి వస్తే నాకంతే చాలు.

మేము నాలుగు తరాలుగా బరంపురం కాపురస్తులం. 1936లో గంజాం ఒరిస్సాలో కలిసినప్పుడు మా తాతగారు ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా. రెండిట్లోనూ బేరమాడగలం, రెండిట్లోనూ పోట్లాడగలం. నేను మెట్రిక్ ప్యాసై గుమాస్తా పనిలో చేరాను. స్కూటరు మీదే సగం ఆయుస్సు గడిచింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు ముదిరి స్కూటరు ఎక్కలేకపోయేసరికి, 2013 వేసవిలో అప్పోసప్పో చేసి నాలుగేళ్లు వాడిన మారుతి 800 ఒకటి కొన్నాను. మన దేశంలో ఆ బండి మొదట రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. తయారీ ఆగిపోయింది 2014 జనవరిలో. అంటే ఆ వంశానికి చివరి రోజుల్లో నేను బంధువునయ్యానన్న మాట.

కొన్న అయిదారు నెలలకే, అక్టోబరు 12వ తేదీ రాత్రి, ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సముద్రం మాకు ఎంతో దూరం లేదు. ఆ రాత్రంతా బండి పెరట్లో, తాటిపత్రి కప్పుకుని, ఉప్పుగాలికి వానకు తడిసింది. తెల్లవారి చూస్తే కప్పు ఎగిరిపోయింది, బండి మాత్రం క్షేమం. దేవుడి దయ అనుకున్నాం. కాని సముద్రపు ఉప్పు వెంటనే లెక్క అడగదు. వడ్డీతో సహా తరవాత వసూలు చేస్తుంది. ఆ సంగతి నాకు తొమ్మిదో ఏట గాని తెలియలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. కారులో ఇంజను ఎంత ముఖ్యమో, అందులో పాకే వైర్లూ అంత ముఖ్యం. ఈ వైర్లు ఒకదానితో ఒకటి కలిసే చోట ప్లాస్టిక్ డబ్బీలు రెండు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. మా వైపు మెకానిక్కులు వీటిని కప్లర్లంటారు. లోపల చిన్న చిన్న రేకులు ఒకదాన్నొకటి కరుచుకుని కరెంటును దాటిస్తాయి. చాలా కప్లర్లకు పైన నాలుక లాంటి లాకు ఒకటి ఉంటుంది. అది గట్టు మీద తగులుకుంటే టిక్కుమని చప్పుడవుతుంది. నీళ్లు తగిలే చోట వాడే వాటికి లోపల రబ్బరు ఉంగరం కూడా ఉంటుంది. కొత్తవిగా ఉన్నప్పుడు పసిపిల్లవాడైనా ఊడదీయగలడు. పదేళ్లు ఇంజను వేడిలో మగ్గాక వాటి స్వభావం మారిపోతుంది. ప్లాస్టిక్ అప్పడంలా పెళుసెక్కుతుంది. రబ్బరు గోడకు అతుక్కుపోతుంది. లాకు సందులో దుమ్ము నూనెతో కలిసి ముద్ద కడుతుంది. మా వంటి సముద్ర తీరంలో అయితే రాగి రేకులకు పచ్చని కిలుం పట్టి రెండూ ఒకటైపోతాయి.

2022లో మాఘమాసపు పెళ్లి ఒకటి దిగపహండి దాటాక ఒక పల్లెలో తగిలింది. మా అమ్మ తరపు దగ్గర చుట్టాలు. సాయంత్రం బయలుదేరి, భోజనాలయ్యాక రాత్రికి తిరిగి రావాలి. బండి కుడి దీపం చాలా రోజులుగా మినుకు మినుకుమంటూ ఉంది. కొత్త బల్బు తెచ్చి, ఆఫీసు నుంచి రాగానే బానెట్ ఎత్తాను. పెళ్లివారింటికి వేళ మించిపోతోందని లోపలి నుంచి మా ఆవిడ రెండుసార్లు కేక వేసింది.

దీపం వెనక రబ్బరు టోపీ తీశాను. బల్బుకు మూడు రేకులుంటాయి. వాటి మీదికి మూడు వైర్ల కప్లరు ఎక్కి ఉంటుంది. దీనికి లాకు ఉండదు, పట్టు ఒక్కటే. తెల్లగా ఉండవలసిన ఆ కప్లరు అంచున కాలిన రొట్టెలా గోధుమరంగుకు తిరిగి ఉంది. పట్టుకుని లాగాను. రాలేదు. మా అబ్బాయి పక్కనే నిలబడి సెల్‌ఫోను దీపం చూపిస్తున్నాడు. అప్పటికి వాడు ప్లస్ టూ చదువుతున్నాడు.

"నాన్నా, వైర్లు పట్టుకుని లాగకండి. డబ్బీని పట్టుకోండి," అన్నాడు.

"డబ్బీ పట్టుకోవడానికి నీ చెయ్యి దూరుతుందా అందులో? నీకేం తెలుసు, దీపం సరిగ్గా చూపించు," అన్నాను.

మూడు వైర్లూ గుప్పెట్లోకి తీసుకుని, కాలు బంపరుకు తన్నిపెట్టి లాగాను. కప్లరు ఊడి వచ్చింది. ఊడి వచ్చిందని సంతోషించేలోగా చూస్తే, ఒక వైరు సగానికి పైగా తెగి, నాలుగు రాగి పోగుల మీద వేలాడుతోంది. అబ్బాయి చూశాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. తెగిన పోగులను మెలిపెట్టి, నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి, కొత్త బల్బుకు ఎక్కించి స్విచ్చి వేస్తే దీపం వెలిగింది. "చూశావా?" అన్నాను. వాడు తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

మా ఆవిడ, "అయిందా?" అని అడిగింది. "బ్రహ్మాండంగా అయింది," అన్నాను. తప్పు చేయడం ఒక ఎత్తు, దాన్ని టేపు చుట్టి దాచడం ఒక ఎత్తు. ఆ రెండోదాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గు వేస్తుంది.

పెళ్లి దివ్యంగా జరిగింది. అమ్మ తన చిన్ననాటి వాళ్లందరినీ చూసుకుంది. రాత్రి పదకొండు దాటాక తిరుగు ప్రయాణం. రోడ్డు మధ్య గట్టు లేదు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఒకే తారు మీద. ఎక్కడో ఒక గుంతలో చక్రం పడింది, బండి ఒక్కసారి ఎగిరింది. కుడివైపు వెలుగు తగ్గినట్టు అనిపించింది గాని, చలికాలపు మంచు కాబోలుననుకున్నాను. మంచు కాదు, మెలిపెట్టిన పోగులు విడిపోయి కుడి దీపం ఆరిపోయింది.

కుడి దీపం ఒక్కటే ఆరిపోతే ఏమవుతుందో మన వాళ్లందరూ తెలుసుకోవాలి. మనం ఎడమ పక్కన నడుపుతాం గదా, ఎదుటివాడికి మన కుడివైపే దగ్గర. ఆ వైపు చీకటిగా ఉండి ఎడమ దీపం ఒక్కటే కనబడితే, రోడ్డు వారనుంచి మోటారు సైకిలు వస్తోందనుకుంటాడు. మోటారు సైకిలుకు ఎంత దారి విడవాలో అంతే విడుస్తాడు. కారు కుడి సగం అతని లెక్కలోనే ఉండదు.

ఎదురుగా వచ్చిన ఇసుక లారీ అదే చేసింది. ఆ డ్రైవరును నేను తప్పుపట్టను. దగ్గరికి వచ్చాక గాని ఇది కారని అతనికి తెలియలేదు. అతను విడిచింది చాలదని నాకూ అప్పుడే తెలిసింది. చక్రం ఎడమకు తిప్పేశాను. బండి తారు దిగి, మట్టిలో జారి, వరిమడి గట్టు దగ్గర ఆగింది. లారీ గాలికి మా బండి ఊగింది. ఆ తరవాత అంతా నిశ్శబ్దం. వెనక సీటులో అమ్మ ముందు సీటుకు గుద్దుకుంది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. "నాకేం కాలేదురా, పిల్లవాణ్ణి చూడు," అంది.

అబ్బాయి దిగి బండి ముందుకు వెళ్లి చూశాడు. తిరిగి వచ్చి, "కుడి దీపం లేదు," అని మాత్రం అన్నాడు. ఎందుకు లేదో వాడికి తెలుసు, నాకు తెలుసు. వాళ్లమ్మ ఎదుట వాడు ఆ మాట అనలేదు. అంటే కొంత తేలికపడేవాణ్ణేమో! ఒక బస్సు వస్తే దాని వెనకాలే నెమ్మదిగా ఇల్లు చేరాం. ఆ రాత్రి అమ్మ నుదుటికి మా ఆవిడ పసుపు వేస్తూ ఉంటే, టేపు సంగతి చెప్పేశాను. ఆవిడ ఏమీ అనలేదు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది, అంతే.

మర్నాడు బండిని మా పేటలోని ముసలి మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాను. ఒరియా ఆయన. మేమంతా మౌసా అని పిలుస్తాం. మన బాబాయి వరస. బరువైన చేతులు, మాట మాత్రం తేలిక. నా టేపును రెండు వేళ్లతో విప్పి చూసి, కళ్లద్దాల పైనుంచి నన్ను చూసి, "బాబూ, కాగితాల మూటను తాడు పట్టుకు లాగుతావా నువ్వు ఆఫీసులో?" అన్నాడు. లాగనన్నాను. "మరి వైరు చేసిన పాపమేమిటి?" అన్నాడు.

కప్లరు ఎందుకు కాలిందో ముందు చెప్పాడు. ఈ దీపాలకు కంపెనీవారు పెట్టేది అరవై వాట్ల బల్బు. నాకు బండి అమ్మిన ఆసామీ వెలుగు ఎక్కువ కావాలని వంద వాట్ల బల్బులు వేసుకున్నాడు. నేనూ పాత బల్బు చూసి అటువంటిదే తెచ్చాను. వైర్లు, కప్లరు మాత్రం పాతవే. ఆ మాట ఇంటికి వచ్చి చెబితే మా అబ్బాయి కాగితం మీద లెక్క వేశాడు. పన్నెండు వోల్టుల మీద అరవై వాట్లకు అయిదు ఆంపియర్లు. వంద వాట్లకు ఎనిమిది పైచిలుకు. కరెంటు పెరిగినకొద్దీ వేడి దాని వర్గంతో పెరుగుతుందట. అంటే ఆ చిన్న రేకుల దగ్గర పుట్టే వేడి ఇంచుమించు మూడు రెట్లు. దానికి తోడు కిలుం పట్టి పట్టు వదులైతే ఇంకా ఎక్కువ. ప్లాస్టిక్ కరిగి రేకులను పట్టుకోక ఏం చేస్తుంది?

మౌసా ఆ రోజు నాకు పని చేసి చూపించాడు. ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీశాడు. పాజిటివ్ ముందు విప్పితే, స్పానరు ఇంకో కొస బండి ఇనుముకు తగిలిందంటే నిప్పులు రాలుతాయి. బ్యాటరీ దగ్గర మండే వాయువు ఉండవచ్చు గనుక అది మరీ ప్రమాదం. బిగించేటప్పుడు దీనికి తలకిందులు: నెగటివ్ చివరన. తరవాత గాలి కొట్టి కప్లర్ల చుట్టూ దుమ్ము పోగొట్టాడు.

ఇంజను పక్కన వేడి కొలిచే సెన్సారు కప్లరు ఒకటి ఉంది. చలికి పొద్దున్నే బండి మొరాయిస్తోందని చెబితే దాన్నీ చూద్దామన్నాడు. "ఇది నువ్వు తియ్యి," అన్నాడు. నా అలవాటు ప్రకారం లాకు నొక్కుతూ లాగాను. లాకు కదలలేదు. ఇంకా గట్టిగా లాగబోతే నా మణికట్టు పట్టుకుని, "ఆగొ ఠేలొ, పరె టాణొ," అన్నాడు. ముందు తొయ్యి, తరవాత లాగు అని.

ఆయన కప్లరును తను ఉన్న చోటికే ఇంకాస్త లోపలికి నొక్కాడు. నొక్కినప్పుడు లాకు గట్టు మీది నుంచి బరువు తప్పుకుంది. అప్పుడు వేలితో నాలుకను నొక్కితే మెత్తగా దిగింది. అలా నొక్కి ఉంచి, డబ్బీని అటూ ఇటూ వెంట్రుకవాసి ఆడిస్తూ వెనక్కి తీశాడు. వచ్చేసింది. బలం పెట్టనే లేదు.

చాలాసేపు ఆలోచించాను ఆ మాట మీద. మనం లాగుతున్నంతసేపూ లాకు గట్టును ఇంకా గట్టిగా కరుచుకునే ఉంటుంది. మన బలమే దానికి బలం. లోపలికి నొక్కినప్పుడు గాని దానికి వదలడానికి సందు దొరకదు. లాకు లేని దీపం కప్లరుకైనా ఇదే ఉపాయం: ముందు కాస్త లోపలికి నొక్కి, కిలుం పట్టు విరిగాక అటూ ఇటూ ఆడిస్తూ తీయాలి. తుప్పు పట్టిన నట్టునైనా విప్పే ముందు రవంత బిగించి చూస్తాడు పనివాడు. మన పెద్దలు పట్టూ విడుపూ ఉండాలంటారే, అందులో పట్టును ముందు ఎందుకు పెట్టారో నాకు అప్పుడు తోచింది.

అప్పటికీ రాకపోతే ఏం చేయాలి? మందు కొట్టి ఓపిక పట్టాలి. మౌసా దగ్గర డబ్ల్యూడీ-40 డబ్బా ఉంది. దాని కథ తరవాత చదివాను. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో క్షిపణుల రేకుకు తుప్పు పట్టకుండా, నీటిని తొలగించే మందు కోసం ప్రయత్నిస్తే, నలభయ్యోసారికి కుదిరిందట. ఆ పేరులోని 40 అదే. ముప్పై తొమ్మిదిసార్లు కుదరకపోయినా వాళ్లు విసుక్కోలేదు. నేను ఒక్కసారి రాకపోతే కాలు తన్నిపెట్టాను! కప్లరు అంచున కొంచెం కొట్టి పది నిమిషాలు ఊరుకోవాలి. కరెంటు రేకులను కడగడానికి మాత్రం వెంటనే ఆరిపోయే కాంటాక్ట్ క్లీనరే మేలు. పెట్రోలు, కిరసనాయిలు పోయరాదు. రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పెద్ద స్క్రూడ్రైవరు సందులో పెట్టి ఎత్తరాదు. పెళుసు ప్లాస్టిక్ పుటుక్కుమంటుంది. లాకు సందులో దుమ్ము గీకడానికి సన్నని ఊచ చాలు.

తీశాక రేకులు చూడాలి. పచ్చని కిలుం కొంచెమైతే శుభ్రం చేసి వాడుకోవచ్చు. కాలి నల్లబడితే, ప్లాస్టిక్ కరిగితే, కప్లరు మార్చవలసిందే, ఖర్చుకు జంకరాదు. మౌసా నా కాలిన కప్లరును కోసి పారేసి కొత్తది వేశాడు. మూడు వైర్లనూ ఒకే చోట కాకుండా ఎగుడుదిగుడుగా అతికాడు, ఒకదాన్నొకటి తాకకుండా. నేను తెచ్చిన వంద వాట్ల బల్బు తీసి అరవైది పెట్టాడు. సెన్సారు కప్లరు రబ్బరు ఉంగరానికి సిలికాన్ గ్రీజు పలచగా రాశాడు. "ఇక ఇది నీ కొడుకు కూడా తీయగలడు," అన్నాడు.

ఆ మాట మనసులో ముల్లులా నాటుకుంది. నా కొడుకు మొదటే చెప్పాడు.

తరవాతి ఆదివారం ఎడమ దీపం పని మిగిలి ఉంది. అటువైపూ వంద వాట్ల బల్బే. అబ్బాయిని పిలిచి, "నువ్వు తియ్యి, నేను దీపం చూపిస్తాను," అన్నాను. వాడు నమ్మనట్టు చూశాడు. "ఆ రోజు నువ్వు చెప్పింది సరి. నేను వినలేదు. నాన్నమ్మకు ఆ దెబ్బ నా మూలంగా తగిలింది," అన్నాను. కొడుకుకు ఆ మాట చెప్పడం మెట్రిక్ పరీక్ష కంటే కష్టమైంది నాకు.

వాడు జవాబు చెప్పలేదు. బ్యాటరీ నెగటివ్ తీశాడు. సన్నని చేతులు గనుక రబ్బరు టోపీ వెనక తేలికగా దూరాయి. డబ్బీని పట్టుకుని లోపలికి నొక్కాడు, ఆడించాడు, మళ్లీ నొక్కాడు. రాలేదు. నా నోటి దాకా వచ్చింది, "ఇలా తే" అని. మింగేశాను. నేను చూపిస్తున్న దీపం మాత్రం కాస్త వణికింది కాబోలు, "దీపం సరిగ్గా చూపించండి నాన్నా," అన్నాడు నవ్వుతూ. పావుగంటకు కప్లరు వాడి చేతిలో ఉంది, మూడు వైర్లూ చెక్కుచెదరకుండా. వరండాలో కుర్చీలో కూర్చున్న అమ్మ, "ఏమిట్రా, బండికి రెండో కన్ను కూడా తెరిపించారా?" అంది.

మా బండికి ఇంతే చాలు. కొత్త బండ్లలో కప్లర్లకు లాకు మీద ఎర్రదో పసుపుదో రెండో లాకు ఉంటుంది; దాన్ని ముందు జరపాలి. పసుపు రంగు కప్లర్లు గాలి సంచీలవి కావచ్చు, నారింజ రంగు లావు వైర్లు విద్యుత్ బండ్లలో ప్రాణాంతకమైన వోల్టేజివి. ఆ రెండిటి జోలికి మన వంటి వాళ్లు పోరాదు, తెలిసినవాడికి అప్పగించాలి.

అబ్బాయి ఇప్పుడు విశాఖలో చదువుకుంటున్నాడు. మొదట్లో ఫోను చేసినప్పుడల్లా "మార్కులెన్ని? పరీక్ష ఎప్పుడు?" అని అడిగేవాణ్ణి. వాడు ఒక్కొక్క ముక్క జవాబు చెప్పి పెట్టేసేవాడు. ఈమధ్య నేను ముందు ఇంటి కబుర్లు చెబుతున్నాను: అమ్మమ్మగారి ఊరి నుంచి వచ్చిన మామిడికాయలు, ఆఫీసులో జరిగిన తమాషా, బండి ఎలా ఉంది అన్నీ. ఆ తరవాత వాడే చెబుతాడు, అడగకుండానే. మొన్న ఆదివారం నలభై నిమిషాలు మాట్లాడాడు. చివర్న, "నాన్నా, సెన్సారు కప్లరు ఈ ఏడు తీసి చూశారా? గ్రీజు ఆరిపోయి ఉంటుంది," అన్నాడు.

"నువ్వు వచ్చాక తీద్దాంలే," అన్నాను.